పియానో దిగిన నాటి పరిస్థితులు

పియానో మా ఇంట్లో దిగిన రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న నాన్న. పొయ్యి దగ్గర ఎండురొయ్యలూ వంకాయ కూర వండుతున్న మామ్మ. గుమ్మానికి అడ్డంగా నిలబడి మావయ్యను తిడుతున్న అమ్మ. మా నిచ్చెన భుజాన వేసుకుని, గుమ్మం ఖాళీ అయితే వెళ్లిపోదామని నిలబడ్డ సూరిబాబు మావయ్య. మంచం కింద గంపలో గుడ్ల మీద కూర్చున్న నల్లకోడి. పియానోతో పాటు కాకినాడ నుంచి వచ్చిన, శ్రుతి చేసే ప్రకాశం గారు. స్వర పరిరక్షణాధికారి విరూపాక్షం గారు. ఆయన వెనక రిజిస్టరు పట్టుకుని సీనియర్ అసిస్టెంటు మంగతాయారు గారు.

ఈ జాబితా నేను తయారు చేసింది కాదు. మంగతాయారు గారు పంచనామాలో రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించారు. కోడికి మాత్రం సంతకం మినహాయించారు. జాబితాలో తప్పేమీ లేదు, ఒక్కటి తప్ప. నేను కూడా ఇంట్లోనే ఉన్నాను.

కొత్తవాళ్లు గుమ్మం ఎక్కితే నేను నూలు చిలపలు దాచుకునే చిన్న గదిలోకి వెళ్లి తలుపు చాటున నిలబడతాను. చిన్నప్పటి నుంచీ అంతే. పదో తరగతికి వచ్చినా పోలేదు. ఇంట్లోవాళ్లకు అలవాటే కనుక నన్ను ఎవరూ పిలవరు. పిలవలేదు కనుక మంగతాయారు గారికి నేను కనబడలేదు.

పియానో మా ఊరి హైస్కూలుకు గ్రామీణ స్వర వికాస పథకం కింద మంజూరైంది. మా హెడ్మాస్టరు గారు అడిగినవి బల్లలు. ఆ కాగితం వేరే శాఖకు వెళ్లింది. ఆ శాఖ దగ్గర ఉన్నది మాకు వచ్చింది. బడిలో ఒక గది కారుతుంది, రెండో గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం ఉంటుంది. పైకప్పు కారని గది బడికి నూరడుగుల లోపు ఎక్కడున్నా అక్కడ పెట్టవచ్చని ఉత్తర్వులో ఉందట. విరూపాక్షం గారు స్వయంగా టేపు పెట్టి కొలిస్తే మా మగ్గం గది తొంభై రెండు అడుగుల దూరంలో తేలింది. అలా సగం గదిలో మగ్గం, సగం గదిలో పియానో వచ్చాయి.

ఆ రోజు ప్రకాశం గారు మూత తీసి ఒకే ఒక్క మెట్టు నొక్కి, "ప్చ్" అన్నారు. తర్వాత విరూపాక్షం గారికి నెమ్మదిగా విషయం చెప్పారు. తీగెలు కొత్తవి, బిగించిన కొద్దీ సాగుతాయి. చెక్క కూడా అంతే, తేమ పీలిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పియానోను మూడు వారాలు ఈ గదికి అలవాటు పడనిచ్చి అప్పుడు శ్రుతి చేయాలి. మొదటి ఏడాది నాలుగుసార్లు చేస్తే ఆ తర్వాత అదే నిలబడుతుంది. రోజూ ఎవరో ఒకరు వాయిస్తుంటే ఇంకా మంచిది.

నాన్నకు ఈ మాట బాగా నచ్చింది. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించినా అంతేనని, నాలుగు రోజుల పాటు సాగుతూనే ఉంటుంది కనుక బిగిస్తూనే ఉండాలని అన్నాడు.

"పడుగు చేనేత శాఖ. ఇది స్వర శాఖ," అన్నారు విరూపాక్షం గారు. "ఈ పియానోను ఫ్యాక్టరీలోనే శ్రుతి చేశారు. సర్టిఫికెట్ ఉంది. మళ్లీ శ్రుతి చేశామంటే సర్టిఫికెట్ అబద్ధమని శాఖే ఒప్పుకున్నట్టు. శ్రుతి చేసే ప్రసక్తే లేదు. శ్రుతి ఉంటుంది. ఉంచాలి."

ఆ తర్వాత సంతకాల కోసం అందరూ అరుగు మీదికి వెళ్లారు. లోపల ఎండురొయ్యల వాసనకు మంగతాయారు గారికి కళ్లు తిరుగుతున్నాయట. బయట లారీ ఇంజను ఆపకుండా మోగుతోంది. గదిలో ఎవరూ లేరు. నేను చిలపల గదిలోంచి బయటికి వచ్చి ఒక మెట్టు మీద వేలు పెట్టాను. నొక్కలేదు, పెట్టానంతే.

గొడుగు మర్చిపోయి ప్రకాశం గారు లోపలికి వచ్చారు. నా పేరు అడగలేదు. "నొక్కమ్మా," అన్నారు. నొక్కాను. ఒకే స్వరంలో రెండు గొంతులు పోట్లాడుకుంటున్నట్టు వినబడింది. ఆ మాట ఆయనతో అనేశాను. ఎందుకు అనగలిగానో తెలియదు. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, సంచిలోంచి తీగెలు బిగించే తాళం తీసి, లోపల ఒక తీగెను కొంచెం తిప్పారు. మళ్లీ నొక్కమన్నారు. ఈసారి రెండూ ఒకటైపోయాయి.

"వాళ్లు సంతకాలు పెట్టేటప్పటికి చాలా సేపు పడుద్ది," అని గొడుగు తీసుకుని బయటికి వెళ్తూ తలుపు దగ్గరగా వేశారు. పావుగంట సేపు నేను పది వేళ్లతో, ఏమీ రాకుండానే, వాయించాను. లారీ చప్పుడులో ఎవరికీ వినబడలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రభుత్వ వస్తువును ముట్టుకున్నందుకు నాకో, బిగించినందుకు ఆయనకో ఏదో ఒకటి అవుతుందని భయం. కానీ ఆ రోజు నుంచీ నాకు కావలసింది ఒక్కటే. ఇంకొక్కసారి ఆ పావుగంట.

పియానోకు తాళం వేసి తాళంచెవి తీసుకెళ్లిపోయారు.

పదిరోజులు తిరగకుండానే మిగతా ఊళ్లలో దిగిన పియానోలు శ్రుతి తప్పాయని ఫిర్యాదులు వెళ్లాయి. శాఖ ఆలోచించింది. ఫలితంగా విరూపాక్షం గారు జాబితాలోని అందరినీ మా ఇంటికి రప్పించి, ఒక సర్క్యులరుతో మా అరుగు ఎక్కి నిలబడి చదివారు.

"అందిన నాడు పియానో శ్రుతిలో ఉన్నది. ఇందుకు సర్టిఫికెట్ కలదు. తదుపరి శ్రుతి తప్పినచో పరిస్థితులు మారుటయే అందుకు కారణము. కావున అందిన నాటి పరిస్థితులను ప్రతిదినము ఉదయము పది గంటల ఇరవై నిమిషముల నుండి పదకొండు గంటల ఐదు నిమిషముల వరకు యథాతథముగా కొనసాగించవలెను."

మిగతా ఊళ్లలో ఆనాటి పరిస్థితులు ఏమిటో ఎవరికీ గుర్తులేదు. మంగతాయారు గారి పుణ్యమా అని మా ఇంట్లో పేర్లు, పనులు, కూరతో సహా రాసి ఉన్నాయి. అందుచేత మా ఇల్లు జిల్లాకు నమూనా కేంద్రమైంది.

నాన్న లేచి నిలబడి, "ఆయ్, అంటే రోజూ ఆ టైముకి నెయ్యమంటారాండి?" అని అడిగాడు.

"నేసేది మీ ఇష్టం. చప్పుడు మాత్రం శాఖది," అన్నారు విరూపాక్షం గారు.

మామ్మ రోజూ ఎండురొయ్యలూ వంకాయా వండాలి. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆ రోజు తిట్టిన తిట్లే తిట్టాలి. అవి కూడా మంగతాయారు గారి దగ్గర ఉన్నాయి. ప్రకాశం గారు రోజూ కాకినాడ నుంచి బస్సులో వచ్చి, మంగతాయారు గారు తాళం తీస్తే ఒక్క మెట్టు నొక్కి "ప్చ్" అనాలి. అంతకు మించి పియానోను ముట్టుకోకూడదు, ఎందుకంటే ఆ రోజు ముట్టుకోలేదు. శ్రుతి చేయడం వచ్చిన మనిషిని, చేసే తాళంతో సహా, రోజూ పియానో పక్కనే కూర్చోబెట్టి చేయకుండా చూడటం మా కేంద్రం ప్రత్యేకత.

అందరి కన్నా ఎక్కువ కంగారు పడింది మావయ్య. ఆయనకు పక్క ఊళ్లో సైకిలు షాపు ఉంది. ఆ రోజు నిచ్చెన కోసం వచ్చాడంతే.

"నేను ఈ ఇంటివోణ్ణి కాదండి. ఎల్లిపోతన్నానండి ఆ టైముకి," అన్నాడు.

విరూపాక్షం గారు జాబితా చూశారు. "నిజమే. వెళ్లిపోతూ ఉన్నారని రాసి ఉంది. మీరు రోజూ అలాగే వెళ్లిపోతూ ఉండండి."

విరూపాక్షం గారి పేరు కూడా జాబితాలో ఉంది. కానీ ఆయనకు ఇరవై ఏడు కేంద్రాలు ఉన్నాయి. అందుకని ఆయన బదులు ఒక కుర్చీ వేసి, అందులో ఆయన బరువుకు సరిపడా రెండు బియ్యం బస్తాలు పెట్టి, పైన ఒక తువ్వాలు కప్పాలని నిర్ణయం జరిగింది. హెడ్మాస్టరు గారు బడి బియ్యంలోంచి బస్తాలు సర్దారు. మామ్మ మొదటి వారం ఆ కుర్చీ ముందు నుంచి వెళ్లేటప్పుడు కొంగు సర్దుకునేది.

సర్క్యులరు చదివిన రోజునే నేను వాళ్ల కంటబడ్డాను. చిలపల గది ఆ రోజు కొత్త నూలుతో నిండిపోతే చోటు లేక అమ్మ వెనక నిలబడ్డాను.

"ఈ పిల్ల ఎవరు?" అన్నారు విరూపాక్షం గారు.

"మా అమ్మాయండి, లోవ," అంది అమ్మ.

మంగతాయారు గారు వేలితో జాబితా పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూశారు. "లేదు సార్."

"అయితే ఆ రోజు ఇంట్లో లేదు."

నేను ఉన్నానని చెప్పాలి. ప్రకాశం గారు నా వైపు చూశారు, నేను చెబితేనే తాను మాట్లాడాలన్నట్టు. నేను తల దించుకున్నాను. ఒక మనిషి ఊపిరిలో ఉండే తేమ పియానోకు అదనపు భారమని, నిర్ణీత సమయంలో నేను ఇంట్లో ఉండరాదని అక్కడికక్కడే రాసేశారు.

తర్వాత వాతావరణం అనే గడి దగ్గర ఆగారు. పియానో దిగిన రోజు చినుకులు పడ్డాయి. రోజూ చినుకులు పడాలి. వాన దేవుడి చేతిలో ఉంటుందని మామ్మ అంటే, దేవుడికి సర్క్యులరు పంపే అధికారం తనకు లేదని, స్థానికంగానే సర్దుకోవాలని విరూపాక్షం గారు అన్నారు. జాబితాలో పని లేకుండా మిగిలింది నేనే. పక్కింటి నిచ్చెన ఎక్కి, చిల్లుల డబ్బాతో మగ్గం గది పెంకుల మీద నీళ్లు చల్లే పని నాకిచ్చారు. మా నిచ్చెన మావయ్య భుజం మీద ఉండాలి కనుక దాన్ని వాడకూడదు.

అలా నేను వర్షాన్నయ్యాను. బడిలో అది రెండో పీరియడు. హెడ్మాస్టరు గారు అనుమతి ఇచ్చారు. తెలుగు మాస్టారు హాజరు వేస్తూ నా పేరు పిలిస్తే క్లాసులో ఎవరో ఒకరు, "వర్షం సార్," అనేవారు. ఆయన రాసుకునేవారు.

నిజమైన వాన వచ్చిన రోజు నాకు సెలవు ఉంటుందనుకున్నాను. కానీ పియానో దిగిన రోజు పడింది చినుకులే తప్ప వాన కాదు. కుంభవృష్టి పడితే పెంకుల మీద టార్పాలిన్ పరిచి, దాని మీద వాన కురుస్తుంటే, దాని కింద దూరి నేను చినుకులు చల్లేదాన్ని.

మొదటి నెల ఫరవాలేదు. నల్లకోడి గుడ్లు పిల్లలయ్యాయి. పిల్లలు జాబితాలో లేవు కనుక తొమ్మిదింటినీ నాతో పాటు బయట పెట్టారు. కోడి మాత్రం లోపలే గుడ్ల మీద ఉండాలి. అది ఇంక కూర్చోనంటే వీధిలో ఎవరింట్లో పొదిగే కోడి ఉంటే దాన్ని వంతులవారీగా తెచ్చారు. కార్తీక మాసంలో నీచు ముట్టనని మామ్మ ఎదురు తిరిగింది. వండితే చాలని, తినడం తప్పనిసరి కాదని, శాఖకు కావలసింది ఆవిరి మాత్రమేనని ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆ నెలంతా కూర వీధి కుక్కలకు వెళ్లింది. అవి ఇప్పటికీ పదకొండు కాగానే మా గుమ్మం ముందు వరసగా కూర్చుంటాయి.

అమ్మ పరిస్థితి కష్టమైంది. ఆ రోజు అమ్మ మావయ్యను తిట్టిన మాటలు ఇవి: "పోయినసారి ఒట్టుకెళ్లిన నిచ్చెన ఆర్నెల్లకి తెచ్చేవు. అదీ రెండు అడ్డకర్రలు లేకుండా తెచ్చేవు. ఈసారి ఏం లేకుండా తెత్తావో సెప్పి మరీ కదులు." రోజూ అవే మాటలు. రెండో నెలకు అమ్మ ఆ మాటలు అంటూనే చింతపండు పిక్కలు తీసేది. మావయ్య నిచ్చెన కింద ఆవలించేవాడు. మూడో నెలలో అమ్మకు నోటీసు వచ్చింది.

"తమరి ఆగ్రహము మొదటి మాసముతో పోల్చగా నలభై శాతము మేర తగ్గినట్లు పరిశీలనలో తేలినది. స్వర పరిరక్షణ దృష్ట్యా ఆగ్రహమును పూర్వస్థితికి తెచ్చి వారము రోజులలో నివేదించవలెను."

అమ్మకు ఆ నోటీసు మీద నిజంగా కోపం వచ్చింది. కానీ అప్పటికి పదకొండు ఐదు దాటింది. ఆ కోపాన్ని మర్నాటి దాకా దాచుకోమని మంగతాయారు గారు ప్రాధేయపడ్డారు.

నా వరకు ఆ రోజుల్లో మంచి జరగలేదని అనను. నిచ్చెన దిగాక నేను నిలబడేది మగ్గం గది కిటికీ పక్కన. లోపల ప్రకాశం గారి బల్ల కిటికీకి ఆనుకునే ఉంది. ఆయన పియానోను ముట్టుకోకూడదు గానీ మాట్లాడకూడదని ఎక్కడా లేదు. నేను సున్నంతో అరుగు మీద మెట్లు గీసుకున్నాను. ఏ వేలు ఎక్కడ పెట్టాలో, ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు వెళ్తే ఏమవుతుందో ఆయన లోపలి నుంచి చెబుతుంటే నేను ఆ గీతల మీద వేళ్లు కదిపేదాన్ని. స్వరం నా మనసులో వినబడేది. ఒకసారి పాఠం అయ్యాక, నీకు చెప్పడం సులువు, నువ్వు తప్పు వాయించినా ఎవరికీ వినపడదు అన్నారు ఆయన.

ఇంకో సంగతి కూడా ఆయనే నేర్పారు. నాన్న మగ్గం కొట్టిన ప్రతిసారీ, మూసి ఉన్న పియానోలో తీగెలు సన్నగా కదిలి ఒక మూలుగు వస్తుంది. చెవి పెడితే తెలుస్తుంది. ఆ మూలుగు వారం వారం మారుతోంది. వానల్లో, వానల మీద నా చినుకుల్లో, చెక్క ఉబ్బి స్వరం పైకి వెళ్లింది. ప్రకాశం గారు నొక్కిన ఆ ఒక్క మెట్టును మంగతాయారు గారు రోజూ ఫోనులో రికార్డు చేసి పంపేవారు. పై ఆఫీసు సంతోషించింది. "శ్రుతి పెరుగుట అభినందనీయము. అయితే మంజూరైన దానికన్న మించి పెరగరాదు," అని ప్రశంసాపత్రం వచ్చింది. నాన్న దాన్ని మగ్గం మీద గోడకు అతికించాడు.

వానలు తగ్గి చలి మొదలయ్యేసరికి చెక్క ముడుచుకుంది. కొత్త తీగెలు కూడా బాగా సాగాయి. స్వరం కిందికి దిగింది, దిగుతూనే ఉంది. పాపం నేను నా వంతు చినుకులు మానలేదు.

అయిదు నెలల తనిఖీకి విరూపాక్షం గారు స్వయంగా వచ్చారు. కుర్చీలోంచి బియ్యం బస్తాలు దింపి ఆయన కూర్చున్నారు. తూకంలో తేడా వస్తుందేమోనని మంగతాయారు గారు కాసేపు ఆందోళన పడ్డారు. నాన్న నేశాడు. కూర ఉడికింది. అమ్మ తిట్టింది. మావయ్య వెళ్లిపోతూ ఉన్నాడు. ప్రకాశం గారు మెట్టు నొక్కి, "ప్చ్" అన్నారు. ఆ ప్చ్ మాత్రం అయిదు నెలల్లో రోజురోజుకూ నిజమవుతూ వచ్చింది.

విరూపాక్షం గారు ఫోనులో మొదటి రోజు స్వరం వినిపించారు. తర్వాత ఇప్పటిది మళ్లీ నొక్కించారు. ఆ వారం వంతుకు వచ్చిన పొరుగింటి కోడి కూడా తల పక్కకు తిప్పి చూసింది.

"పరిస్థితులు మారలేదు. శ్రుతి మారింది," అన్నారు విరూపాక్షం గారు. ఆయన ముఖం నిజంగా పాలిపోయింది. "ఇలా జరగడానికి వీల్లేదు."

ప్రకాశం గారు సంచి మీద చెయ్యి వేసి, తనకు రెండు పూటలు ఇస్తే శ్రుతి చేసేస్తానని అన్నారు. సర్టిఫికెట్ ఉందని విరూపాక్షం గారు మళ్లీ గుర్తుచేశారు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చారు. ఈ ఇంట్లో కనబడని మార్పు ఏదో జరుగుతోంది. మార్పే లేని చోటికి పియానోను తరలించాలి. జిల్లా గోదాములో కిటికీలు లేవు, మనుషులు లేరు, వాతావరణం అసలే లేదు. చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టి సీలు వేస్తే ఎప్పటికీ శ్రుతి తప్పదు. తప్పినా తెలియదు. లారీ సోమవారం వస్తుంది.

మామ్మ సంతోషించింది. మావయ్య నిచ్చెన దించబోయి, టైము కాలేదని మళ్లీ ఎత్తుకున్నాడు.

కిటికీ అవతల నా చేతిలో చిల్లుల డబ్బా ఉంది. లారీ వచ్చాక ఆ పావుగంట ఇంక ఎప్పటికీ లేదు. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాక కాళ్లు వాటంతటవే నడిచాయి. డబ్బాతోనే గుమ్మంలోకి వచ్చాను. అది పది యాభై. నేను ఆ సమయంలో గుమ్మం ఎక్కడం అయిదు నెలల్లో అదే మొదటిసారి. మంగతాయారు గారు, "వర్షం లోపలికి వచ్చింది సార్," అన్నారు.

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానండి," అన్నాను. "చిలపల గదిలో. మీరంతా సంతకాలు పెడుతుంటే బయటికి వచ్చాను. పియానో వాయించాను."

విరూపాక్షం గారు నన్ను కాదు, మంగతాయారు గారిని చూశారు. ఆవిడ జాబితాను చూశారు.

"నోటిమాట చెల్లదు," అన్నారు ఆయన. "రాతపూర్వకంగా ఏదైనా ఉందా?"

ఉంది. మాట్లాడటం చేతకాదు కనుక నేను రోజూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. దాన్ని ఇంతవరకు ఎవరికీ చూపలేదు. చూపడం కన్నా అందరి ముందూ నిచ్చెన మీంచి పడటం నయం. అయినా వెళ్లి, చిలపల అడుగు నుంచి తీసి, ఆ రోజు పేజీ తెరిచి మంగతాయారు గారి చేతికి ఇచ్చాను. ఆవిడ సర్క్యులరు చదివే గొంతుతోనే చదివారు.

"'ఈ రోజు పియానో దిగింది. ఒక అధికారి వచ్చాడు. ఆయన మీసానికి వేసుకున్న రంగు చినుకులకు కరిగి పెదవి మీదికి వచ్చింది. ఎవరూ చెప్పలేదు.'"

విరూపాక్షం గారి చెయ్యి మీసం దాకా వెళ్లి ఆగింది. "విషయానికి సంబంధం లేదు. తర్వాత."

"'ఆయన వెనక వచ్చినావిడ మంచావిడలాగే ఉంది. చీరకు ధర చీటీ ఇంకా వేలాడుతోంది.'" మంగతాయారు గారు ఆగి, సంబంధం లేదని తనే అనుకుని, మళ్లీ అందుకున్నారు. "'మావయ్య తొందరగా వెళ్లిపోతాడని అమ్మ తిట్లు సాగదీస్తోంది. మావయ్య కూడా తెలిసే నిలబడ్డాడు.'"

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మావయ్య నిచ్చెనను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. అలా మార్చుకోవడం జాబితాలో లేదు గానీ ఎవరూ పట్టించుకోలేదు. నేను నేలలోకి పోదామని చూశాను, మగ్గం గుంట ఒక్కటే ఉంది, అందులో నాన్న ఉన్నాడు.

"'శ్రుతి చేసే ఆయన గొడుగు కోసం వచ్చి నన్ను నొక్కమన్నారు. ఒక తీగె బిగించారు. రెండు గొంతులు ఒకటయ్యాయి. తలుపు వేసి వెళ్లిపోయారు. నేను పావుగంట వాయించాను. ఇంత బాగా ఎప్పుడూ లేను.'"

పేజీ అయిపోయింది. నేను ప్రకాశం గారి వైపు చూశాను. ఆయన లేచి నిలబడి, తీగె బిగించిన మాట నిజమేనని, పాప తప్పేమీ లేదని అన్నారు.

"తప్పు సంగతి వేరే ఫైలు," అన్నారు విరూపాక్షం గారు. ఆయన ముఖంలోకి నెమ్మదిగా రక్తం తిరిగి వస్తోంది. "అంటే అయిదు నెలలుగా పరిస్థితులు అసంపూర్ణం. ఒక మనిషి తక్కువ, ఒక వాయింపు తక్కువ, ఒక బిగింపు తక్కువ. మరి శ్రుతి ఎలా నిలుస్తుంది? సర్టిఫికెట్ నిజమే. సర్క్యులరు నిజమే. అమలులోనే లోపం." ఆయన నా వైపు తిరిగారు. "జాబితాలో లేకపోవడానికి కారణం నువ్వు కనబడకపోవడం. కనబడకపోవడం నీ బాధ్యత."

"అవునండి," అన్నాను.

"తీగెను ముట్టుకోవడం మాత్రం నేరం," అన్నారు ప్రకాశం గారితో. "కానీ ఆనాటి పరిస్థితి. నేరమైనా సరే, యథాతథంగా కొనసాగించవలసిందే. రోజుకు ఒక్క తీగె. రెండోది ముట్టుకుంటే చర్య తప్పదు. ఏ తీగో పుస్తకంలో ఉందా?"

"'ఒక తీగె' అనే ఉంది సార్," అన్నారు మంగతాయారు గారు.

"అయితే ఒక తీగె."

పియానోలో తీగెలు రెండు వందల ఇరవై పైచిలుకు ఉంటాయని ప్రకాశం గారు చెప్పారు. ఎనిమిది నెలలు కాకుండానే ఒక చుట్టు పూర్తవుతుందని, అయ్యాక మళ్లీ మొదటి నుంచి మొదలెట్టొచ్చని నాన్న మగ్గం గుంటలోంచే లెక్క చెప్పాడు. కొత్త పడుగును కూడా పోగు పోగూ చూసుకుంటూనే బిగిస్తారట.

సవరించిన ఉత్తర్వు అరుగు మీదే తయారైంది. గోదాము లారీ రద్దయింది. రోజూ పదకొండు గంటల ఐదు నిమిషాలకు పియానోను తెరిచి ఉంచేలా తాళంచెవిని మంగతాయారు గారి ఆధీనంలో పెట్టారు. నా నోటుపుస్తకానికి ఒక నంబరు వేసి ఫైలులో కట్టారు. అందులోని మిగతా పేజీలు కూడా శాఖ చదువుతుందని తెలిసి ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. మామ్మ ఎండురొయ్యలు కాకుండా వేరే కూర వండినా తినలేదు. వర్షం పోస్టు ఖాళీ అయినట్టు బడి నోటీసు బోర్డులో పెట్టారు. మా క్లాసులోంచే పద్నాలుగు దరఖాస్తులు వెళ్లాయి.

మర్నాడు పది ఇరవైకి నేను చిలపల గదిలో తలుపు చాటున నిలబడ్డాను, ఈసారి ఉత్తర్వు ప్రకారం. మగ్గం ఆడింది. కూర వాసన వచ్చింది. నిన్న ఆ పేజీ విన్నాక అమ్మకు మావయ్యను తిట్టడానికి నోరు రాలేదు. ఆగ్రహం మళ్లీ తగ్గిందని రాసుకున్నారు. పదకొండు ఐదుకు అందరూ రిజిస్టరులో సంతకాలకు అరుగు మీదికి వెళ్లారు. నాన్న వెళ్తూ వెళ్తూ మగ్గం మీది దుమ్ము దులిపాడు, ఎప్పుడూ దులపడు.

నేను బయటికి వచ్చి ఒక మెట్టు మీద వేలు పెట్టాను. ప్రకాశం గారు గొడుగు కోసం వచ్చినట్టు లోపలికి వచ్చారు.

"నొక్కమ్మా," అన్నారు.

నొక్కాను. చాలా ఘోరంగా ఉంది. అయిదు నెలలు వినీ వినీ నేను ఎదురుచూసింది ఇంత ఘోరమైన స్వరం కోసమా అనిపించి నవ్వు వచ్చింది. ఆయనా నవ్వారు. ఎక్కడి నుంచి మొదలుపెడదామని అడిగారు. నేను మధ్యలో ఒక మెట్టు చూపించాను. ఆయన తాళం పెట్టి, చెవి దగ్గరగా వంచి, ఒక్క తీగెను ఒక వెంట్రుకవాసి తిప్పారు. మళ్లీ నొక్కాను. రెండు వందల పైచిలుకు తీగెల్లో ఒకటి సరైన చోట నిలబడింది.

బయట మంగతాయారు గారు పేర్లు పిలుస్తున్నారు. ఆయన పేరు కూడా వస్తుంది. ప్రకాశం గారు గొడుగు చంకలో పెట్టుకుని గుమ్మం దాటి, నన్ను లోపలే ఉంచి తలుపు వేశారు.